ఆవిడ నవ్వే చోటు

మా నాన్న దర్జీ. ఆయన కుట్టిన చొక్కాలకు అమ్మ కాజాలు కుట్టేది. సెలవు రోజు మధ్యాహ్నం మిషన్ల మీద గుడ్డ కప్పి, కొట్టు తలుపు దగ్గరగా వేసి, ఇద్దరూ కత్తిరింపుల బల్ల పక్కన కూర్చునేవాళ్ళు. నాన్న ఒకే ఒక్క జాజ్ రికార్డు పెట్టేవాడు. ఇంకో రికార్డు లేక కాదు, ఆయనకు ఇంకోటి ఆనదు.

ఏదో చిన్న క్లబ్బులో, జనం ముందు వాయించిన రికార్డది. పియానో, లావు తీగల బేస్, డ్రమ్ములు, అంతే. రెండో వైపు మొదటి పాట మరీ నెమ్మది. పక్క గదిలో ఎవరో ఊడుస్తున్నట్టు డ్రమ్ము మీద బ్రష్షు మెత్తగా తిరుగుతుంది. బేస్ తొందరేమీ లేకుండా నడుస్తుంది. పియానో ఒక మాట మొదలుపెట్టి, సగంలో మానేసి, ఏదో ఆలోచనలో పడుతుంది. చిన్నప్పుడు బల్ల కింద గుడ్డపీలికల మీద పడుకుని వినేదాన్ని. ఆ పాటలోనే నిద్రపోయి, ఆ పాటలోనే లేచేదాన్ని. మధ్యలో ఎంతసేపు గడిచిందో తెలిసేది కాదు.

పియానో అలా ఆగిన ఒక చోట, ఆ క్లబ్బులో ఎవరో ఒకావిడ పకపకా నవ్వుతుంది. ఎందుకో ఎవరికీ తెలియదు. నాన్న మాత్రం ఆ నవ్వును సొంతం చేసుకున్నాడు. సరిగ్గా దానికి ముందు ముగిసేలా ప్రతిసారీ ఒక జోకు చెప్పేవాడు. జోకు ముగిసేది, ఆవిడ నవ్వేది.

"చూశావా, కళ తెలిసిన మనిషి!" అని అమ్మ వైపు తిరిగేవాడు.

అమ్మ మూతి బిగించి, "పాపం, ఆవిడకి మొహమాటం" అనేది. ఆయన జోకులకు అమ్మ ఒక్కసారి నవ్వితే ఒట్టు.

అమ్మ పోయాక నాన్న ఆ రికార్డు పెట్టలేదు, జోకూ చెప్పలేదు. అడిగితే, "అరిగిపోయిందమ్మా, గరగర తప్ప ఏం వినపడదు" అనేవాడు. కొలతల అంకెలు తప్ప ఆయన నోట మాట రావడం మానేసింది. ఎంత చచ్చు జోకైనా సరే, మళ్ళీ ఒక్కటి చెబితే చాలని నా ప్రాణం కొట్టుకునేది.

మా ఆయన పని పాత రికార్డింగులు శుభ్రం చేయడం. దగ్గు, కుర్చీ కిర్రుమనడం, ఏదీ ఆయన చెవి దాటిపోదు. నా గురక మీద కూడా ఆయనకు అభిప్రాయాలున్నాయి. నాన్న రికార్డు తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. ఒక సెలవు రోజు, శుభ్రం చేసిన పాటలూ రెండు స్పీకర్లూ మోసుకుని కొట్టుకు వచ్చాడు.

"మామయ్యగారూ, కళ్ళు మూసుకుని వినండి."

నాన్న కళ్ళు మూసుకున్నాడు. గరగర లేదు. పాట వాన వెలిసిన వీధిలా ఉంది. బేస్ తీగ మీద వేలు జారడం కూడా వినపడింది. నాన్న వేళ్ళు బల్ల మీద మెల్లగా కదిలాయి. పియానో నెమ్మదించింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒకాయన ప్యాంటు వదులైందని వచ్చాడు..."

అమ్మ పోయాక మొదటి జోకు. అంతలో మా ఆయన నా చెవి దగ్గరికి వంగి, గర్వంగా గుసగుసలాడాడు. "ఇక్కడే ఎవరో ఆవిడ నవ్వు అడ్డొచ్చింది. బియ్యంలో రాయి ఏరినట్టు ఏరేశాను."

ఆపమందామంటే నాన్న సగంలో ఉన్నాడు.

"...బిగించి ఇచ్చాను. వారం తిరక్కుండా బిగుతైందని మళ్ళీ వచ్చాడు. ఏం తిన్నావయ్యా అంటే, ప్యాంటు సరిపోయిందన్న సంబరంలో నాలుగు ముద్దలు ఎక్కువ తిన్నానన్నాడు!"

పియానో ఆగింది. నాన్న చెయ్యి పైకెత్తి ఎదురుచూశాడు. ఎవరూ నవ్వలేదు. అంత శుభ్రమైన నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పియానో మళ్ళీ అందుకుని తన దారిన తను వెళ్ళిపోయింది.

నాన్న కళ్ళు తెరిచి స్పీకర్ల వైపు చూశాడు. తర్వాత అమ్మ కూర్చునే స్టూలు వైపు చూశాడు. ఏదో తప్పు చేశానని అర్థమై మా ఆయన మొహం మాడిపోయింది.

"అమ్మాయ్," అన్నాడు నాన్న, "ఆవిడ కూడా మీ అమ్మ జట్టులో కలిసిపోయిందే!"

అని, తనే ముందు నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. అయినా అమ్మలాగే మూతి బిగించి, "ఇన్నాళ్ళకి ఆవిడకి మొహమాటం పోయింది" అన్నాను.

నాన్న కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకున్నాడు.

"మళ్ళీ మొదట్నించీ పెట్టండి అల్లుడుగారూ. ఈసారి ఇద్దర్నీ నవ్విస్తాను."