గవిలాన్ గొంతు

కంప్యూటర్ చచ్చిపోగానే యజమాని ఎలియేసెర్ తన అల్లుణ్ణి పిలిపించాడు. చచ్చింది కంప్యూటర్ ఒక్కటే కాదని యాదిరా కస్సియానీకి అప్పుడే అర్థమైంది.

ఇరవై ఏళ్లుగా కార్తహేనాలో 'ఎల్ గవిలాన్' పికోకి గొంతు ఆమెదే. పికో అంటే వీధుల్లో జనం ఆడడానికి గోడంత ఎత్తున పేర్చిన స్పీకర్లు; వీటి మీద పేరుకు తగ్గట్టు రెక్కలు విప్పిన ఎర్ర డేగ బొమ్మ. ఆ పికో ఏ పేటలో మోగినా పాట మధ్యలో యాదిరా సవాలు ఉరిమేది: "గవిలాన్ వచ్చింది, కోళ్లు గూట్లోకి పొండి!" అలాంటి రికార్డు కేకల్ని ప్లాకాలంటారు. ప్లాకా లేని పాట ఉప్పు వేయని చేప. ఇన్నాళ్లూ వాటిని ఆమె ఒక పాత ప్రోగ్రామ్‌లో రికార్డు చేసి, కత్తిరించి, పాటలో అతికించేది. కంప్యూటర్‌తో పాటు అదీ పోయింది. కొత్తది ఎంచుకోవాలి.

ఎంచుకునే పని అల్లుడి మీద పడింది. మౌరిసియోది చలి కొండల మీది రాజధాని బొగోటా. కార్తహేనా ఎండలో కూడా మెడదాకా బొత్తాలు పెట్టుకుంటాడు, అందుకే పికో దగ్గర అందరూ అతన్ని 'డాక్టర్' అంటారు. ఒక్కరోజైనా పికో ముందు నిలబడి చెమట కార్చిన పాపాన పోలేదు. అలాంటివాడు భోజనాల బల్ల దగ్గర కూర్చుని సాఫ్ట్‌వేర్ల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. ఉచితంగా దొరికేది బీదవాళ్లదట. నెలనెలా అద్దె కట్టేది దండగట. మూడోది మాత్రం పెద్ద పెద్ద స్టూడియోల్లో వాడేదట.

పాట మోగుతుండగానే దాని మీద మాట్లాడి, పాటనీ మాటనీ వేరువేరుగా ఉంచుకోవచ్చా అని యాదిరా అడిగింది. మౌరిసియో చిన్నపిల్లని చూసినట్టు చూశాడు. మూడోదాంట్లో అసలు మాట్లాడనక్కర్లేదన్నాడు. పాత రికార్డులు ఇస్తే చాలు, ఆమె గొంతుతో ఎన్ని ప్లాకాలైనా అదే తయారు చేసుకుంటుందన్నాడు.

"అంటే నేనిక రానక్కర్లేదా?"

"మీకు విశ్రాంతి, సెన్యోరా. ఈ వయసులో అరుపులెందుకు చెప్పండి?"

ఆమె ఎలియేసెర్ వైపు చూసింది. అతను కొబ్బరన్నంలో చేప ముల్లు వెతుకుతున్నాడు. పిరికివాడికి అన్నం పళ్లెం కన్నా మంచి చాటు దొరకదు.

ఆదివారం చిరుత బొమ్మ ఉన్న 'లా పాంతెరా' పికోతో పోటీ. ఎదురెదురుగా నిలబెట్టి మోగిస్తారు. జనం ఎవరి ముందు నుంచి జారిపోతే వాళ్లు స్పీకర్లు ఆపేసి ఇంటికి పోవాలి. గవిలాన్ దగ్గర ఒక కాంగో గిటార్ పాట ఉంది. ఊళ్లో మరెవరి దగ్గరా లేదు. అలాంటి పాటను పోటీకి ముందు ఎవరూ మోగించరు. పక్కింటివాడి ఫోనులోకి ఎక్కిందంటే పాట పోయినట్టే.

శనివారం పాత రికార్డులు ఇవ్వడానికి వెళ్లినప్పుడు యాదిరా ఆ కొత్త ప్రోగ్రామ్ చూసింది. తెర మీద స్పానిష్‌లో ఒక ప్రకటన వెలిగింది. ఇది నమూనా ప్రతి మాత్రమే, కొననంతవరకూ తయారైన పాటలో ఆ సంగతి చెప్పే గొంతు మధ్యమధ్యలో వినిపిస్తుంది, పని చేస్తున్నప్పుడు మాత్రం వినిపించదు అని అందులో ఉంది. మౌరిసియో ఈగను తోలినట్టు దాన్ని మూసేశాడు.

ఆమె చెప్పడానికి నోరు తెరిచింది. మౌస్ వైపు చెయ్యి చాచింది.

"ముట్టుకోకండి, సెన్యోరా. ఇది మీ పాత డబ్బా లాంటిది కాదు."

యాదిరా చెయ్యి వెనక్కి తీసుకుంది. నోరు కూడా మూసుకుంది. ఇంటికి పోయి హాయిగా నిద్రపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ మైదానంలో ఇసకేస్తే రాలనంత జనం. యాదిరా డేగ బొమ్మ పక్కన ఐసు పెట్టె మీద కూర్చుంది, వేడుక చూద్దామని. గిటార్ మొదలైంది. జనం ఊగారు. తర్వాత యంత్రం చేసిన ప్లాకా వచ్చింది. ఆమె గొంతే, కానీ జలుబు చేసిన దొంగ ఎత్తుకుపోయి వాడుతున్నట్టుంది. దాని వెనకే ఒక అమెరికా ఆడమనిషి, రక్తం లేని గొంతుతో, ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

జనం ఆగిపోయారు. పాంతెరాకి గొంతు అయిన చేపే సల్గాదో మైకులో అందుకున్నాడు.

"ఏం గవిలాన్, బ్యాంకుకి ఫోన్ చేశారా? లైన్లోనే ఉండమంటోందా?"

మైదానం గొల్లుమంది. పాట సాగింది, ఆ గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి చేపే ముక్కుతో దాన్ని వెక్కిరించాడు. ముందు వరుసలు పాంతెరా వైపు కదిలాయి. పాట ఆపితే ఓడినట్టు, ఆపకపోతే నవ్వులపాలు. తయారైన పాటను ఒక్కసారైనా వినిచూడని మౌరిసియో మీటలన్నీ నొక్కుతున్నాడు. పై బొత్తాం ఊడింది.

యాదిరా నవ్వుదామనే వచ్చింది. కానీ జనం నవ్వుతున్నది అల్లుణ్ణి చూసి కాదు. వాడెవడో వాళ్లకు తెలియదు. డేగను చూసి నవ్వుతున్నారు. ఇరవై ఏళ్లు తను గొంతు చించుకున్న పేరును చూసి.

లేచి కొక్కేనికి వేలాడుతున్న మైకు అందుకుంది.

"ఒరే చేపే, నీకు ఇంగ్లీషు రాదు, నాకు తెలుసు. స్పానిష్షే సగం వచ్చు నీకు. ఆవిడేమంటోందో నేను చెప్తా విను. ఇది నమూనా అంటోంది. అసలు సరుకు కాదంటోంది. ఊరికే ఇచ్చిన నమూనాకే మీ పిల్లి కాళ్ల మధ్య తోక పెట్టుకుంది. అసలుది పెడితే ఏ చెట్టెక్కుతారు?"

చెప్పిన వేళకు వచ్చినట్టు ఆ గొంతు మళ్లీ పలికింది. "నమూనా!" అని జనం తామే అరిచారు. చేపే ప్లాకాలన్నీ ముందే రికార్డు చేసినవి. ఈ మాటకు జవాబు వాటిలో లేదు. నోటితో ఏదో అనబోయాడు, కేకల్లో కొట్టుకుపోయింది. పోయిన వరుసలు వెనక్కి వచ్చాయి. కాసేపటికి పాంతెరా స్పీకర్లు మూగబోయాయి.

ఎలియేసెర్ పరుగెత్తుకొచ్చి ముందు అల్లుణ్ణే కౌగిలించుకున్నాడు. మౌరిసియో సిగ్గుపడకుండా కౌగిలించుకోనిచ్చాడు. పైగా రేపే డబ్బు కట్టి అసలు ప్రతి కొందామని, ఆ గొంతు పోతుందని అన్నాడు.

"పోతుందా? అయితే కొనకు," అన్నాడు మామ. "రేపట్నించి జనం దాన్నే అడుగుతారు." తర్వాత యాదిరా వైపు తిరిగాడు. "నీకు ముందే తెలుసా?"

"చదివాను."

"మరి చెప్పలేదేం?"

"డాక్టర్‌గారు ముట్టుకోవద్దన్నారు."

ఎలియేసెర్‌కు తల దాచుకోవడానికి ఈసారి పళ్లెం కూడా లేదు. ఆ గొంతు ఉంటే ఉండనీ, దానికి జవాబు చెప్పడానికి మాత్రం మనిషి కావాలి అంది యాదిరా. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సోమవారం ఆమె కుర్చీ కంప్యూటర్ ముందుకు వచ్చింది. ఉచితంగా దొరికే ఆ బీదవాళ్ల ప్రోగ్రామే పెట్టించుకుంది. పాట ఒక వరుసలో, తన గొంతు మరో వరుసలో కనిపిస్తే ఆమెకు చాలు. అమెరికా ఆవిడ మాట ముగిసిన ప్రతిచోటా ఒక జవాబు అతికించింది. పని పూర్తయ్యాక హెడ్‌ఫోన్లు తీసి మౌరిసియో చేతిలో పెట్టింది.

"కూర్చోండి డాక్టర్. ఈసారి చివరిదాకా వినండి."