పిచ్చుక చేతికందే గడియ

పొద్దున్నే కుట్టుమిషన్ మీద గుడ్డ తీసి, నూనె చుక్క వేసి, కాస్త వంగి తలుపు గడియ తీయడం పెద్దమ్మకు అలవాటు. వంగక తప్పదు. పిల్లలు ఏ ఇంటిని తమదనుకుంటే ఆ ఇంటి గడియ వాళ్ళ చేతికందేలా దిగుతుంది, వాళ్ళు ఎదిగేకొద్దీ పైకి జరుగుతుంది. ఆ ఊళ్ళో ఎవరింట్లోనైనా అంతే. నడుం నొప్పని సణుగుతుందే గానీ, ఆ వంగడం ఆమెకు మహా ఇష్టం.

చెల్లెలు పోయాక మరిది తాగుడికి బానిసై, అప్పుడే నడక నేర్చిన కూతురు పిచ్చుకను ఆమె ఒళ్ళో పడేసి వెళ్ళిపోయాడు. కోర్టు కూడా పిల్లను ఆమెకే అప్పగించింది. ఇన్నేళ్ళకి తాగుడు మానేశాడట, బేకరీలో పని దొరికిందట, కూతురు కావాలట. ఒళ్ళు మండదా మరి!

"కన్నతండ్రి అయినంత మాత్రాన ఇచ్చేయరమ్మా," అన్నాడు ఆమె లాయరు. "అతను నిజంగా మారాడా, ఇల్లు మారితే పిల్లకు మేలేనా, జడ్జిగారు ఈ రెండూ చూస్తారు. సెలవురోజుల్లో పిల్లను అక్కడికి తీసుకెళ్ళేది మీరే కాబట్టి మిమ్మల్నే అడుగుతారు. గడియ దిగలేదని చెప్పండి, చాలు."

మొదటిసారి మరిది ఇంటికి వెళ్ళేసరికే అక్కడ గడియ దిగి ఉంది. పెద్దమ్మ గబుక్కున వంగింది. తీరా చూస్తే కొత్త మరలు! మరిదే ఊడదీసి కిందికి బిగించాడు, అదీ ఆమె మోకాలి దగ్గర.

"ఇదేంటయ్యా, ఎవరి కోసం?"

"నేను వెళ్ళేనాటికి పిల్ల ఇంతే ఉండేది, వదినా," అని తల దించుకున్నాడు.

ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది, జాలేసినందుకు తనమీద తనకే కోపమొచ్చింది.

ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా తండ్రీకూతుళ్ళు పిండి పిసికేవారు, రొట్టె మాడ్చేవారు, నీవల్లంటే నీవల్లని పోట్లాడుకునేవారు. ఓ రోజు పిచ్చుక ముందే లోపలికి పరిగెత్తి, టక్కున గడియ పెట్టేసింది.

"ఎవరూ?" అంది లోపల్నుంచి, పకపకా నవ్వుతూ.

తలుపు తీశాక పెద్దమ్మ చూసింది. గడియ పిచ్చుక భుజం ఎత్తున ఉంది. మరలు కిందే ఉండిపోయాయి. పైన తడిమితే ఒక్క మర కూడా లేదు.

"అక్కడ గడియ ఎలా ఉందమ్మా?" అని అడిగారు జడ్జిగారు కోర్టులో. లాయరు కళ్ళతో సైగ చేశాడు. అబద్ధం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"పిల్లకు అందేలా ఉందండీ. దానంతటదే జరిగింది," అంది, ఏడుస్తూనే.

పిచ్చుక తండ్రి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంటికొచ్చి తలుపేసింది. ఇక తన ఎత్తుకు వెళ్ళిపోయి ఉంటుందని గడియ కోసం చెయ్యి పైకెత్తింది. ఉత్త చెక్కే తగిలింది. గడియ పిచ్చుక భుజం దగ్గరే ఉంది.

నడుం నొప్పని సణుక్కుంటూ వంగి, గడియ పెట్టుకుంది.