బాలమల్లు వంతు శోర్వా

పెద్దకూరను దుకాణంలో ఖీమా కొట్టించడం ఒక ఎత్తు, దాన్ని ఇంటికి తెచ్చి మళ్ళీ రోట్లో దంచడం ఇంకో ఎత్తు. దుకాణపాయన ఎంత సన్నగా కొట్టినా శంకరవ్వ చేతికి ఎక్కడో ఒక నరం తగిలేది. పళ్ళాడే మనిషికైతే అదొక లెక్క కాదు. ఆమె వండుతున్నది నోరు తెరవలేని మనిషికి. అందుకని గుప్పెడు గుప్పెడు రోట్లో వేసి మెత్తని ముద్దయ్యేదాకా దంచేది. కుడి రెక్క గుంజేది. కాసేపు ఆగి, కొంగుతో మొఖం తుడుచుకొని, మళ్ళీ రోకలి ఎత్తేది.

ఆమె భర్త బాలమల్లు బెల్లంపల్లి దగ్గర బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఎనభై ఏడులో, వానలు మొదలైన రోజుల్లో, భూమి లోపల పైకప్పు బండ ఒకటి విరిగి పడింది. దవడ పగిలింది, ఎడమ భుజం నలిగింది. ఆసుపత్రిలో కింది దవడను పై దవడతో కలిపి సన్న తీగతో కట్టారు. ఆ తీగ విప్పి చాలా రోజులైనా నోరు వేలు దూరేంతకన్నా ఎక్కువ తెరుచుకోవడం లేదు.

"నమిలేటియి పెట్టకు" అని చెప్పింది ఆసుపత్రి డాక్టరమ్మ. "మాంసం మెత్తగ దంచి, కూరగాయలేసి, చిక్కగ శోర్వా కాచి తాపు. మనిషి లేచి నిలబడ్తడు."

ఆ మాటను శంకరవ్వ మొక్కులాగా పట్టుకున్నది. కంపెనీ బొగ్గుతో సిగిడి ముట్టించి, పొగ పోయేదాకా గల్లీలో పెట్టి, నిప్పులు ఎర్రబడ్డాక లోపలికి తెచ్చేది. సాయంత్రం క్వార్టర్ల వరుస మొత్తం అదే పని మీద ఉండేది కాబట్టి ఆ వేళకు పొగలో ఎదురింటి తలుపు కూడా కనిపించేది కాదు. సిల్వర్ గిన్నెలో ఇంత నూనె పోసి, ఉల్లిగడ్డ వేయించి, అల్లం ఎల్లిగడ్డల ముద్ద, పసుపు వేసి, ఆ మీద ఖీమా వేసి నీరు ఇంకేదాకా కలుపుతూ ఉండేది. కలపడం ఆపితే ఉండలు కడుతుంది. ఉండ కడితే ఆయన గొంతుకు అడ్డం పడుతుంది. మాంసం ఉడికినాక ఆలుగడ్డ, గాజర, ఆనిగెపుకాయ, టమాట, అన్నీ గోరంత ముక్కలు. ఆఖరుకు గుప్పెడు పాలకూర. పప్పుగుత్తితో మెదిపి, నాలుగు మిరియాలు నలిపి చల్లి దింపేది. నోట్లో పుళ్ళు మండుతాయని కారం వేసేది కాదు. కారం లేకుండా పెద్దకూర వండడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఇంత చేసి కటోర నిండా పోసి ఇస్తే, బాలమల్లు దాన్ని పట్టుకొని వెనక గడప మీదికి పోయి కూర్చునేవాడు.

"మొఖం మీద కూసుంటే నాకు దిగదు. పోయి నీ పని జూసుకో" అనేవాడు.

మూతి పక్కనుంచి కారుతూ తాగడం పెండ్లాం కంట కూడా పడొద్దనుకుంటున్నాడేమో అనుకొని ఆమె లోపలికి వచ్చేసేది. కాసేపటికి కటోర ఖాళీగా తిరిగి వచ్చేది.

కటోర అయితే ఖాళీ అవుతున్నది గాని మనిషి నిండడం లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. లుంగీ నడుము మీద నిలవక మాటిమాటికి బిగించి కట్టుకుంటున్నాడు. అంగీ దండెం మీద ఆరేసినట్టు వేలాడుతున్నది. శంకరవ్వ కూర ఎక్కువ తెచ్చింది. ఇంకొంచెం చిక్కగా కాచింది. దించేముందు గుడ్డు కూడా కొట్టి కలిపింది. అయినా ఆయన వీపు మీద ఎముకలు ఇంకొంచెం పైకే తేలాయి.

ఒకనాడు నల్లా దగ్గర పక్క క్వార్టరు సక్కుబాయి ఎదురైంది. ఊరుకునే మనిషి కాదు సక్కుబాయి.

"ఓ శంకరవ్వక్కా, మీ ఎనుక గోడకాడి కుక్కకు ఏం పెడుతున్నవే? మొన్నటిదాక దాని బొక్కలు లెక్కవెట్టచ్చు. ఇప్పుడు ఇనిస్పెక్టర్ లెక్క నడుస్తున్నది."

"మాకేడిది కుక్క?"

"మీకు లేకుంటే లేకపాయె, దానికి మీరున్నరు గద. సిగిళ్ళు ముట్టిచ్చే యాళ్లకు ఠంచనుగ వస్తది. మా ఆయన గూడ డ్యూటీకి గట్ల పోడు."

నల్లా దగ్గరున్న ఆడవాళ్ళంతా నవ్వారు. శంకరవ్వ కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. బిందె నిండి నీళ్ళు కాళ్ళ మీదికి పొర్లుతున్నా చూసుకోలేదు.

ఆ సాయంత్రం కటోర ఇచ్చి లోపలికి పోయినట్టే పోయి, తలుపు చాటున నిలబడింది. బాలమల్లు ఒక్క గుటక తీసుకున్నాడు. దాన్ని మింగకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకున్నాడు. కండ్లు మూసుకొని మింగాడు. ఆ తరువాత కటోరను గోడ పక్క బండ మీదికి వంచాడు. కుక్క చప్పుడు లేకుండా నాకుతుంటే దాని తల మీద చెయ్యి వేశాడు. అంతా అయినాక కటోర అంచుకు అంటిన శోర్వాను వేలితో తుడిచి ఆ వేలును నోట్లో పెట్టుకున్నాడు.

కుక్కకు పోయడం కన్నా, ఆ వేలు నాకడం చూసి శంకరవ్వ తలుపు చాటున నిలవలేక బయటికి వచ్చింది.

"ఏం జేస్తున్నవయ్యా?"

ఆయన ఉలిక్కిపడలేదు. దొరికిపోయినందుకు కొంచెం నిమ్మళమైనట్టే కనిపించాడు.

"సప్పుడు జేయకే. పోరడు ఇంటడు."

"పోరడు ఇంట్ల లేడు. నువ్వు చెప్పు. నేను రెక్కలిరగంగ దంచింది కుక్కకా?"

"వచ్చే బేస్తారం బోర్డున్నది."

ఆ ఒక్క మాటతో ఆమెకు సగం తెలిసిపోయింది. మెడికల్ బోర్డు చూసి ఇక పనికి పనికిరాడు, అన్‌ఫిట్ అని రాస్తే, ఆ కార్మికుడి ఉద్యోగం కొడుక్కు వస్తుంది. క్వార్టర్లలో పుట్టిన పిల్లలకు ఓనమాల కన్నా ముందు వచ్చే సంగతి అది. వాళ్ళ కొడుకు కైలాసం బి.ఏ. పాసయ్యాడు. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కింది వాడొక్కడే. పరీక్షలు రాస్తున్నాడు, ఇంటర్వ్యూలకు పోతున్నాడు, వస్తున్నాడు. వాడి చెప్పులు అరిగాయి గాని నౌకరి రాలేదు. బండ కూలిన నాటినుంచి బోర్డు మాట శంకరవ్వ మనసులో కూడా ఉన్నది. పైకి అనలేదు, అంతే.

"దవడ ఇరిగింది, భుజం లేస్తలేదు. గది సాలదా బోర్డోళ్ళకు?"

"సాలదంట. లింగమూర్తి జెప్పిండు."

లింగమూర్తి ఆయనతోపాటు ఒకే షిఫ్టులో ఏళ్ళ తరబడి పని చేసినవాడు. అంతకు ముందటేడు మోకాలు దెబ్బతిని అన్‌ఫిట్ అయ్యాడు, ఇప్పుడు వాడి కొడుకు బాయిలోకి దిగుతున్నాడు.

"వాని మోకాలును ఎవ్వరు జూడలేదంట. మనిషిని జూసి రాసిన్రంట. అప్పుడు వాడు కట్టెపుల్ల లెక్క లేకుండెనా? నేను నీ శోర్వా తాగి దొర లెక్క పోతే ఏమంటరు? నువ్వు దవడతోని తవ్వుతవా బొగ్గు, పో, పని జేసుకో అంటరు."

"గందుకని ఉపాసముంటవా?"

"బోర్డు దాకనేనే. ఎనుకసిరి గిన్నెకు గిన్నె తాగుత."

"అందాక ఉంటవా నువ్వు? లేవంగ తల తిరిగి గోడ పట్టుకుంటున్నవు. నేను జూస్తలేననుకున్నవా?"

బాలమల్లు కుక్క దిక్కు చూస్తూ అన్నాడు, "పోతె మాత్రం ఏందే. సర్వీసుల సచ్చినా నౌకరి వస్తది గద."

శంకరవ్వ చేతిలోని గరిటె పోయి గోడకు తగిలింది. కుక్క తోక ముడిచి ఉరికింది.

"నిన్ను బొందల వెట్టి తెచ్చుకున్న నౌకరితోని నా కొడుకు బువ్వ తింటడా? వాడు తింటే మాత్రం నేను పెడ్తనా?"

కొట్లాడడానికి కూడా ఒంట్లో ఇంత బలం ఉండాలి. ఆయనకు తిండి లేక లేదు, ఆమెకు దంచీ దంచీ లేదు. ఇద్దరూ గడప మీద పక్కపక్కన కూర్చుండిపోయారు. పొగ పల్చబడి ఎదురింటి తలుపు కనిపించేదాకా అట్లాగే ఉన్నారు.

మరునాడు కొడుక్కు చెప్పింది. కైలాసం చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నేనేమన్న అడిగిన్నా అవ్వా? వద్దని చెప్పు బాపుకు."

"నువ్వే చెప్పరాదు. నీ మాటైతే ఇంటడు."

కైలాసం తల వంచుకున్నాడు. మడిచిన పేపరునే మళ్ళీ ఇంకో మడత పెట్టాడు. చెబుతానని అనలేదు, చెప్పనని కూడా అనలేదు. శంకరవ్వకు కోపం రావాల్సింది, రాలేదు. వాడి నోట ఆగిపోయిన మాట తన నోట కూడా ఇన్నాళ్ళు ఆగే ఉన్నది. వాడిని ఏ మొఖం పెట్టుకొని తిడుతుంది?

ఆ సాయంత్రం భర్త ముందు నిలబడి చెప్పింది. "బోర్డు దాక నేనేమనను. కాని తిరిగొచ్చిన నాడు, వాళ్ళు ఏమన్న రాయని, ఏమన్న రాయకపోని, నా ముంగట కూసుండి తాగాలె. కటోర అడుగు నాకు కనబడాలె. ఒట్టెయ్యి."

"సరే తీ."

"సరే తీ కాదు, ఒట్టెయ్యి."

ఆయన ఆమె చేతిలో చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువు లేదు.

ఇక బేస్తారం దాకా రోలు మూల పడింది. ఆయన అడిగినంత గంజి కాచి ఇచ్చింది, సగం తాగి పెట్టేవాడు. రెక్కలకు సుఖమైంది గాని, ఆ సుఖం ఆమె ఒంటికి పట్టలేదు. కుక్క రోజూ వేళకు వచ్చి, గోడ పక్కన నిలబడి, చూసి చూసి పోయేది.

బోర్డు వేరే ఊళ్ళో, పెద్దాసుపత్రిలో. పొద్దున రైలుకు లింగమూర్తి తోడు పోయాడు. వాళ్ళు మలుపు తిరగ్గానే శంకరవ్వ సంచి తీసుకొని పెద్దకూర దుకాణానికి పోయింది. ఖీమా కొట్టించింది, తెచ్చింది, దంచింది. అన్‌ఫిట్ అంటే పిల్లగాడు బతుకుతాడు. ఫిట్ అంటే ఈ ఒంటితో ఈయన మళ్ళీ ఆ బండల కిందికి పోతాడు. పిల్లగానికి నౌకరి కావాలె, ఈయన మళ్ళీ కిందికి పోవద్దు. రెండూ ఒక్క అన్‌ఫిట్ మాటలోనే ఉన్నాయి. అయినా ఆ మాట కోసం మొక్కుదామంటే కటోర అంచు తుడిచిన వేలు కండ్ల ముందుకు వచ్చేది. దేవుణ్ణి ఏమీ అడగక, ఖీమా ఉండ కట్టకుండా చూసుకుంటూ కలిపింది.

మధ్యాహ్నం దాటినాక కైలాసం వచ్చి, ఎవరూ చెప్పకముందే పీట వేసుకొని కూరగాయలు తరగడానికి కూర్చున్నాడు. ముక్కలు పెద్దపెద్దగా కోశాడు. వాడు లేచినాక ఆమె వాటినే మళ్ళీ చిన్నగా కోసింది.

పొద్దుగూకుతుండగా వాళ్ళిద్దరూ వచ్చారు. లింగమూర్తి ఇంట్లోకి రాలేదు, మలుపు దగ్గర్నుంచే పోయాడు. దానితోనే ఆమెకు అర్థమైంది. బాలమల్లు వచ్చి మంచం మీద కూర్చొని చెప్పులు విప్పుకున్నాడు.

"ఫిట్ అన్నరు."

శంకరవ్వ సిగిడి మీది గిన్నె దించింది.

"కిందికి దింపరంట. పైన్నే, బాయిల దిగెటోళ్ళకు దీపాలిచ్చే అర్రల పని ఇస్తరంట." విప్పిన చెప్పులను మంచం కిందికి తోశాడు. "పెద్ద డాక్టరు నా ఒళ్ళంత పట్టి జూసి, చివరికి ఏమన్నడో ఎరుకేనా? దవడ అతుకుతున్నది, రోగమేం లేదు, నీకు తిండి సాలుతలేదు, ఇంట్ల జర మంచిగ తినుమన్నడు."

అని, దవడ ఒప్పుకున్నంత మేర నవ్వాడు. నవ్వు నొప్పిగా మారితే చెంప పట్టుకున్నాడు.

"మంచిదే బాపూ" అన్నాడు కైలాసం. లేచిపోయి చేతులు కడగడానికి చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

"నీకు నౌకరి రాకపాయె బిడ్డా."

"తాగు బాపూ. చల్లగైతది."

బాలమల్లు వెనక గడప మీదికి పోలేదు. శంకరవ్వ ముందరే, నేల మీద, గోడకు ఆనుకొని కూర్చొని రెండు చేతులతో కటోర పట్టుకున్నాడు. మొదటి గుటక నోట్లో ఆపలేదు. మూతి పక్కనుంచి కారుతున్నా తుడుచుకోలేదు. ఆ కటోర అయింది, ఇంకొకటి అడిగాడు. అదీ అయింది. మూడోసారి ఆమె గిన్నె వంచి గరిటెతో గీకి పోసింది. ఇక ఆయన భూమి లోపలికి దిగడు, ఇక ఆయన తింటాడు. ఆ సంతోషం ఆమె కడుపులో వెచ్చగా పాకుతుంటే, పక్కన తల వంచుకొని కూర్చున్న కొడుకు దిక్కు చూడలేకపోయింది.

కాసేపటికి వాడే అన్నాడు, "రేపు దుకాణం కాడికి నేను పోత అవ్వా. ఇంకింత సన్నగ కొట్టియ్యిమంట."

"ఎంత సన్నగ కొట్టిచ్చినా ఇంట్ల మళ్ళ దంచుడే బిడ్డా."

వెనక గోడ దగ్గర చిన్నగా మూలిగిన చప్పుడైంది. కుక్క తన వేళకు వచ్చింది.

"జర దానికింత ఉంచకపోతివి" అంది శంకరవ్వ.

"దాని వంతు అది ఎప్పుడో తిన్నది" అంటూ బాలమల్లు కటోర వంచి, అడుగు ఆమెకు చూపించాడు.

ఆమె ఖాళీ గిన్నెలో నీళ్ళు పోసి, చేతితో చుట్టూ తిప్పి కడిగి, ఆ కడుగు నీళ్ళు తీసుకొని వెనకకు నడిచింది.