పొయ్యి పక్క చిన్న పీట

"రొట్టె పెనం మీంచి నేరుగా చేతిలోకి రావాలి. గుడ్డలో చుట్టి పెట్టిన రొట్టె పెళ్లాం పోయినవాడి రాత" అంటుంది మా అత్తగారు దోన్యా హసింతా. ఆవిడ మాటంటే మా ఇంట్లో శాసనం. అందుకే పెళ్లైన నాటి నుంచి నేను అందరితో కలిసి భోజనానికి కూర్చున్నది లేదు. తెల్లవారకముందే సున్నపు నీళ్లలో ఉడికిన మొక్కజొన్నలు కడిగి, మరకు మోసుకెళ్లి పిండి పట్టించుకు రావాలి. పూటపూటా మట్టి పెనం ముందు కూర్చుని, అరచేతుల్లో తట్టి, కాల్చి, ఒక్కొక్కటీ బల్ల దగ్గరికి అందించాలి. మాడినవి, చిరిగినవి నావి. "ఒటిలియాకి మాడినవే ఇష్టం" అంటాడు నా మొగుడు ఎవెలియో, నా గురించి ఎంతో తెలిసినట్టు. ఏనాడైనా అడిగిన పాపాన పోయాడా?

నిరుడు నా చెయ్యి కాలి ఏడుస్తుంటే నా కూతురు నోయెమీ తన బట్టకుందేలు బొమ్మ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. తన ఏడుపు దానితోనే ఆగుతుంది కాబట్టి నాదీ ఆగాలని దాని లెక్క. కళ్లు మూసుకుని "నేను ఎవరికీ కనిపించనోచ్" అనేది. లోకమంతా తన రెండు కళ్లలోనే ఉందనుకునే వయసు.

ఇప్పుడు దానికి అయిదేళ్లు నిండాయి. ఆదివారం మధ్యాహ్నం అత్తగారు ఒక కొత్త చిన్న పీట తెచ్చి పొయ్యి పక్కన వేసింది. ఆ వయసొస్తే మా ఇంటి ఆడపిల్ల చోటు అది.

"తట్టవే బంగారం. రేపు నీ మొగుడు చల్లారిన రొట్టె తింటే మా పరువేంగాను?" అని దాని చేతిలో పిండిముద్ద పెట్టి, వెళ్లి బల్ల దగ్గర కొడుకు పక్కన కూర్చుంది. నా బతుకే దీనికీనా?

కట్టెలు తేవడానికి లేచి వచ్చేసరికి నోయెమీ నా పీట మీద కూర్చుని ఉంది. బల్ల వైపే చూస్తోంది.

"అమ్మా, ఇక్కణ్ణుంచి ఎవరి మొహమూ కనపట్లేదే. అన్నీ వీపులే. రోజూ నీకు ఇంతేనా?"

"ఇంతే తల్లీ."

"అయితే నువ్వు మాడినవి తింటుంటే నీ మొహం కూడా వాళ్లకి కనపడదు. పాపం, అందుకే వాళ్లకి తెలీదు."

నిన్నటిదాకా కళ్లు మూసుకుంటే మాయమైపోతాననుకున్న పిల్ల! నా కళ్లలోంచి వాళ్లను చూసింది, వాళ్ల వైపు నుంచి నన్నూ చూసింది. ఎవరు నేర్పారు దీనికి? కన్నదాన్ని నేనే అయినా, దణ్ణం పెట్టాలనిపించింది.

"రొట్టేదీ?" అన్నాడు ఎవెలియో, తల తిప్పకుండానే.

కాలినవన్నీ, మాడినవాటితో సహా, గుడ్డలో చుట్టాను. ఒక చేత్తో ఆ మూట, ఇంకో చేత్తో చిన్న పీట పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లి వాళ్లకు ఎదురుగా కూర్చున్నాను. పీట పొట్టిది, బల్ల నా గడ్డం దాకా వచ్చింది. నోయెమీ వచ్చి నాకు ఆనుకుని నిలబడింది.

"పొయ్యి దగ్గర ఎవరున్నారు?" అంది అత్తగారు.

"ఎవరూ లేరత్తయ్యా. ఇక నోయెమీ కూడా అక్కడ కూర్చోదు."

ఎవెలియో నోరు తెరవబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత గుడ్డ విప్పి, బాగా మాడిన రొట్టె ఏరి కొడుకు పళ్లెంలో వేసింది.

"తిను. మీ నాన్న కూడా 'హసింతాకి మాడినవే ఇష్టం' అనేవాడు."