తడి ఆరని కుండీలు

ఆటో దిగి, సంచి ఇంట్లో పెట్టకుండానే రత్నకుమారి మిద్దె మీదికి మెట్లెక్కింది. జగిత్యాలలో చెల్లెలికి మోకాలి ఆపరేషన్ అయితే ఎండాకాలంలో తోడుకు వెళ్లి, వానలు బాగా పట్టాక నాచారం తిరిగి వచ్చిందామె. అక్కణ్నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అడిగిన మొదటి మాట మొక్కలెట్లున్నాయని. భర్త జనార్ధనరావు ప్రతిసారీ ఒకటే చెప్పాడు, ఫస్ట్ క్లాసని.

మిద్దె తలుపు తీసి నేరుగా కుండీల దగ్గరికి పోయింది. కరివేపాకు చెట్టు కింది రెమ్మలన్నీ పసుపు రంగు తిరిగి, తాకితే రాలిపోతున్నాయి. మిరప మొక్కలు తలలు వాల్చేశాయి. వంగ ఆకులు మెత్తబడి కుండీ అంచుల మీద వేలాడుతున్నాయి. మల్లె పాదు సగం బోసిపోయింది.

వెనకాలే ఆయాసపడుతూ జనార్ధనరావు వచ్చాడు. రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. భార్య ఊరికి పోయేముందు తులసికి తప్ప కుండీలన్నిటికీ సన్న పైపులు వేయించి, కుళాయికి టైమరు బిగించింది ఆయనే.

"నువ్వు వచ్చినంక చెప్దామనుకున్న రత్నా. ఇదంత నర్సమ్మ చేసిన పని. మెట్లు కడిగిన బ్లీచింగ్ నీళ్లు తెచ్చి కుండీలల్ల పోసింది."

"మీరు చూసిన్రా?"

"చూడాల్నా? పైకి ఇంకెవరొస్తరు? పైపులు పెట్టినంక మొక్కలకు నీళ్లు పోసుడు బంద్ చేపిచ్చిన గదా, ఆ కోపం."

"నర్సమ్మ ఏది మరి?"

"తీసేసిన. అపార్ట్‌మెంట్ సెక్రటరీకి గూడ చెప్పిన. గేటు లోపలికి రానియ్యొద్దని వాచ్‌మన్‌కు చెప్పిచ్చిండు."

రత్నకుమారికి ఒళ్లంతా మండింది. వెంకటనర్సమ్మ ఏళ్ల తరబడి ఆ ఇంట్లో పనిచేస్తున్న మనిషి. పుంటికూర, అదే గోంగూర, గింజలు తన ఊరి నుంచి తెచ్చి నాటింది ఆమే. మొదటి వంకాయ కాసినప్పుడు కిందున్న వాళ్లందరినీ పిలిచి చూపించింది కూడా ఆమే.

నోటికొచ్చిన మాట మింగేసి, రత్నకుమారి చీర కొంగు దోపుకుని కుండీల ముందు కూర్చుంది. మొక్కల తెగుళ్లు పరీక్షించే సర్కారు ల్యాబ్‌లో ఉద్యోగం చేసి రిటైరైందామె. ఆకు చూడకుండా ఒక్క మాట కూడా అనే అలవాటు లేదు.

"బ్లీచింగ్ నీళ్లయితే ఆకుల అంచులు మాడుతయి. ఒక్క మాడిన ఆకు చూపియ్యండి."

జనార్ధనరావు వంగి చూశాడు. చూపించలేకపోయాడు.

"ముందు కింది ఆకులు పసుపుపచ్చబడ్డయి. మెత్తగ ఉన్నయి, ఎండిపోలే. పైన మట్టి మీద నాచు చూడున్రి." ఆమె మట్టిలోకి వేలు దించింది. వేలు మొత్తం బురదలో దిగిపోయింది. "రాత్రి వాన పడ్డదేమో" అన్నాడాయన. ఆమె ఒక మిరప కుండీ పక్కకి వంచి మొక్కను మట్టితో సహా బయటికి లాగింది. కుళ్లిన వాసన గుప్పుమంది. తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకి తిరిగి, పట్టుకుంటే తోలు ఊడి చేతికొచ్చాయి.

"నీళ్లు ఎక్కువై వేర్లు కుళ్లినయి. ఊపిరి ఆడలే వీటికి."

తలుపు పక్కనే ఉన్న తులసి కుండీ మాత్రం నిండుగా, నవనవలాడుతూ ఉంది. దానికి పైపు లేదు. ఎండల్లో నర్సమ్మ పోసిన నీళ్లతో, ఆ తర్వాత వాన నీళ్లతోనే బతికింది.

"నర్సమ్మ బకెట్ పెట్టేది ఈ తులసి పక్కన్నే. ఆమె విషం పోస్తే ముందు ఇది చావాలె గదా!"

ఆమె లేచి కుళాయి దగ్గరికి పోయి టైమరు చూసింది. నడి ఎండాకాలంలో పెట్టినట్టే పొద్దునా సాయంత్రం చాలాసేపు నీళ్లు వదులుతూనే ఉంది.

"వానలు పడ్డంక ఇది తగ్గించిన్రా?"

"ఆటోమేటిక్ గదా అది."

"దానికి వాన పడుతున్నట్టు ఎట్ల తెలుస్తది? మీరన్న పైకొచ్చి చూసిన్రా?"

"కింది ఫ్లాట్లోళ్లు స్లాబు చెమ్మగిల్లిందని కంప్లైంట్ చేస్తే వచ్చిన. అప్పుడే చూసిన ఇట్ల పసుపుపచ్చబడినయని."

"అంటే అంతకుముందు ఒక్కసారి గూడ రాలే. మరి నాకు ఫస్ట్ క్లాస్ అని ఎట్ల చెప్పిన్రు?"

ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు. "ఫోన్‌ల యాప్ ఉంది గదా. నీళ్లు పోయినప్పుడల్లా టిక్కు వచ్చేది. ఆకుపచ్చ టిక్కు."

రత్నకుమారికి నవ్వు రాలేదు. "ఆకు మీద చెయ్యి పెట్టి చూడలే గని, మనిషి మీద మాత్రం నింద పెట్టిన్రు! స్లాబు చెమ్మగిల్లిందంటే గూడ నీళ్లు ఎక్కువైనయని తట్టలే. నర్సమ్మే తట్టింది. నడువున్రి, ఆమె ఇంటికి పోదాం."

"జర చాయ్ తాగి పోదాం..."

"ఇప్పుడే."

నాచారం ఫ్యాక్టరీల వెనక బస్తీలో వెంకటనర్సమ్మది ఒక గది రేకుల ఇల్లు. వాళ్లని చూసి గడపలోనే నిలబడింది. లోపలికి రమ్మనలేదు.

"తప్పయింది నర్సమ్మా" అన్నాడు జనార్ధనరావు. "నీళ్లెక్కువై వేర్లు కుళ్లినయంట. నువ్వేం చెయ్యలే."

"ఆ ముక్క నాకు తెల్వదా సారు?" అంది నర్సమ్మ. "నేను వెట్టిన మొక్కలకు నేనే విషం వోస్తనా? మా ఇంటాయన గూడ అడిగిండు, నిజంగ ఏమన్న జేసినవా అని. ఉప్పల్ల నేను పనిజేసే సిరి మేడం గూడ రావొద్దన్నది. మీ సెక్రటరీ ఆమెకు ఎరుకంట, ఫోన్ జేసిండంట. ఈడికొచ్చి తప్పయిందంటే ఎవరింటరు సారు? నలుగుర్ల అన్నరు. నలుగుర్లనే చెప్పున్రి."

"చెప్తడు" అంది రత్నకుమారి. "ఎవరెవరికి చెప్పిండో అందరికీ చెప్తడు."

ఆ ఆదివారం అపార్ట్‌మెంట్ మీటింగులో జనార్ధనరావు లేచి, "ఏదో చిన్న మిస్‌అండర్‌స్టాండింగ్ అయింది" అని మొదలుపెట్టాడు. వెనక వరసలోంచి రత్నకుమారి లేచి నిలబడింది.

"చిన్నది కాదు. అయినదంత సరిగ్గ చెప్పండి."

ఆయన ముఖం ఎర్రబడింది. అయినా చెప్పాడు. టైమరు సంగతి, తాను పైకెక్కి చూడని సంగతి, కళ్లతో చూడకుండానే నర్సమ్మ మీద నింద వేసిన సంగతి, అన్నీ. సెక్రటరీ అక్కడే వాచ్‌మన్‌ని పిలిచి గేటు దగ్గర ఆపొద్దన్నాడు. మర్నాడు భార్యాభర్తలిద్దరూ ఉప్పల్ పోయి సిరితో కూడా మాట్లాడారు. ఆ అమ్మాయి నొచ్చుకుని, అప్పుడే నర్సమ్మకి ఫోన్ చేసి పనికి రమ్మంది.

మిద్దె మీద మిరప, వంగ బతకలేదు. కుళ్లిన వేర్లు కత్తిరించి, పొడి మట్టిలోకి మారిస్తే కరివేపాకు చిగురు పెట్టింది. మల్లె ఇంకా ఎటూ తేల్చలేదు. టైమరు ఊడదీసి రత్నకుమారి మగ్గుతో తానే నీళ్లు పోస్తోంది.

ఒకనాడు కూరగాయల బండి దగ్గర వెంకటనర్సమ్మ కనిపించింది. సిరి వాళ్లింట్లో పని బాగానే ఉందంది.

"మనింటికి వస్తవా మళ్ల?" అని అడిగింది రత్నకుమారి.

నర్సమ్మ టమాటాలు ఏరడం ఆపింది. "మీ మీద కోపం లేదమ్మా. గని సారు ముఖం జూసుకుంట ఆ ఇంట్ల మళ్ల పని జెయ్య. నాతోని గాదు."

"రాకు నర్సమ్మా" అంది రత్నకుమారి. "నీ జాగల నేనున్నా రాను."