సైరన్ బ్యాండు ఫోటో

నేను ఒక ల్యాప్‌టాప్‌ను. ఎక్కడో దూరాన ఒక ఫ్యాక్టరీలో, ఒకే పూట, ఒకే ముఖంతో పుట్టిన నాలుగు వందల మందిలో ఒకణ్ణి. అట్టపెట్టెలో ఓడెక్కి, లారీ ఎక్కి, విశాఖపట్నం మధురవాడలో ఒక కంపెనీ బల్ల మీద కళ్ళు తెరిచాను.

అక్కడ నన్ను వాడిన అమ్మాయి పేరు స్వరూప. చాలా తెలివైనది. నా మౌసును ఒక చిన్న టేబుల్ ఫ్యానుకి దారంతో కట్టింది. ఫ్యాను అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ మౌసు కదిలేది, మేమిద్దరం తెగ కష్టపడుతున్నట్టు పైవాళ్ళకి కనిపించేది. ఆవిడ పక్కన కూర్చుని వేయించిన పల్లీలు తినేది. మనుషులు యంత్రాల చేత పని చేయిస్తారని విన్నాను గాని, పని చేస్తున్నట్టు నటన కూడా చేయిస్తారని అక్కడే తెలిసింది. నాలుగేళ్ళ తర్వాత కంపెనీ పాత సరుకునంతా ఒక్కసారిగా అమ్మేసింది. డాబాగార్డెన్స్‌లో ఒక షాపువాడు నా మీటల సందుల్లోంచి పల్లీ పొట్టు ఊది, తళతళా తుడిచి, అద్దాల బీరువాలో నిలబెట్టాడు.

అక్కణ్ణుంచి నన్ను ఇంటికి తెచ్చుకున్నవాడు పైడిరాజు. పోర్టులో క్రేను ఆపరేటరు. యాభై రెండేళ్ళు, బట్టతల, చేతి మీద గిటారు పచ్చబొట్టు. కుర్రతనంలో విదేశీ నావికులు హార్బరు గేటు దగ్గర అమ్ముకుని పోయే క్యాసెట్లు విని రాక్ సంగీతానికి బానిసయ్యాడు. ఆ పాటల్లో సగం మాటలు ఆయనకు అర్థం కావు. అర్థం కాకపోయినా అన్నీ కంఠతా వచ్చు. ఆయన భార్య నూకరత్నం ఇంట్లో జాకెట్లు కుట్టేది. ముప్పై ఏళ్ళుగా ఆ అరుపుల మధ్యే కుట్టిందేమో, పాట ఆగితే ఆవిడ కుట్టుమిషను కూడా ఆగేది.

ఒకరోజు క్యాంటీనులో ఎవరో ఏఐ బొమ్మల గురించి చెప్పారు. మనం నోటితో చెబితే చాలు, కంప్యూటరే బొమ్మ గీసి ఇస్తుందట. పైడిరాజు ఆ సాయంత్రమే నా ముందు కూర్చుని, కోర్టులో సాక్ష్యం చెప్పేవాడిలా గొంతు సవరించుకుని, తనకిష్టమైన బ్యాండు పేరు చెప్పి, "ఆళ్ళు నలుగురూ మా క్రేను మీద నిలబడి గిటార్లు వాయించాలి" అన్నాడు.

ఇక్కడ నేనొక నిజం ఒప్పుకోవాలి. ఆ బొమ్మలు గీసేది నేను కాదు. ఎక్కడో ఉన్న పెద్ద యంత్రాలు గీసి పంపుతాయి, నేను తెర మీద చూపిస్తాను. కానీ మెచ్చుకోళ్ళన్నీ నాకే వచ్చేవి. పని ఒకరిది, పేరు ఇంకొకరిది అయిపోయే ఈ విషయంలో నేను మనుషులకేమీ తీసిపోను.

క్రేను బొమ్మ వచ్చింది. గిటారు వాయించేవాడి ఎడమ చేతికి ఆరు వేళ్ళున్నాయి. పైడిరాజు దిగాలు పడ్డాడు. నూకరత్నం కళ్ళజోడు పైకి తోసుకుని చూసి, "ఇంకో ఏలు ఎక్కువుంటే ఇంకా బాగా వాయిత్తాడు కదా" అంది. అంతే, ఆయనకు హుషారు వచ్చేసింది. వారం తిరిగేసరికి ప్రపంచంలోని బ్యాండులన్నీ వైజాగు వచ్చేశాయి. బీచిలో ముంత మసాలా తిన్నాయి. యారాడ కొండ మీద జుట్టు ఆరబెట్టుకున్నాయి. ఆటోలో ఇరుక్కుని సింహాచలం వెళ్ళాయి. రెండు నెలల్లో పదకొండు వందల బొమ్మలు నా కడుపులో చేరాయి.

ఆ తర్వాత ఒక ఆదివారం పొద్దున్న ఆయన నా ముందు కూర్చున్నాడు. మెల్లగా, "సైరన్ బ్యాండు" అన్నాడు.

ఆ పేరు ఏ యంత్రానికీ తెలియదు. తొంభై అయిదులో సాలిగ్రామపురం పోర్టు కాలనీ కుర్రాళ్ళు నలుగురు పెట్టుకున్న బ్యాండు అది. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్ పేరే దానికి పెట్టుకున్నారు. పాడేది ఎలీషా, డ్రమ్స్ వాయించేది కొండబాబు. మిగతా ఇద్దరూ తర్వాత ఉద్యోగాల మీద ఒడిశా వెళ్ళిపోయారు. పైడిరాజుకి తాళం నిలవదు, వాయిద్యం రాదు. ఆయన వాళ్ళ మొట్టమొదటి అభిమాని. బహుశా ఏకైక అభిమాని కూడా. కమ్యూనిటీ హాల్లో వాళ్ళు ఇచ్చిన ఒకే ఒక్క కచేరీకి ఫోటోలు తీయమని ఎలీషా కెమెరా అరువు తెచ్చి ఆయన చేతికే ఇచ్చాడు. ఆ రీలు కడిగితే ఒక్క బొమ్మా రాలేదు. అందుకే ఇప్పుడు ఆయన కళ్ళు మూసుకుని, గుర్తున్నదంతా నాకు చెప్పాడు. హాలు ఎలా ఉండేది, ఎలీషా ఏ గళ్ళ చొక్కా వేసుకున్నాడు, కొండబాబు ముక్కు ఎటు వంకర.

నలభై మూడోసారికి వచ్చిన బొమ్మ నిజం ఫోటోలాగే ఉంది. రంగు దీపాలు, పొగ, చెమట. పైడిరాజు ఏడ్చాడు. ఏడుస్తూనే దాన్ని పాత కాలనీ స్నేహితుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కింద ఒక్క ముక్కా రాయలేదు. "రీలు దొరికిందా?" అని ఎవరో అడిగారు. ఆయన బొటనవేలి బొమ్మ పెట్టాడు. అబద్ధమాడటానికి ఇప్పుడు నోరు కూడా అక్కర్లేదు, ఒక వేలు చాలు. గ్రూపంతా పండగ చేసుకుంది.

మర్నాడు సాయంత్రం ఎలీషా వచ్చాడు. స్కూల్లో సంగీతం మాస్టారు, నెరిసిన గడ్డం. చెప్పులు విప్పుతూనే, "నెగెటివ్ చూపించు రాజూ" అన్నాడు.

"నెగెటివ్ లేదురా. ఇదే ఉంది" అని పైడిరాజు నా తెర చూపించాడు.

ఎలీషా ముందుకు వంగి చాలాసేపు చూశాడు. "బాగుంది. మరి ఈ లైట్లేటి?"

"స్టేజీ లైట్లు."

"మొదటి పాటకే కరెంటు పోయింది కదరా. చీకట్లోనే కదా మూడు పాటలూ అయ్యాయి. నువ్వు ఫ్లాష్ కొడుతుంటేనే ఒకరికొకరం కనిపించాం."

లోపల కుట్టుమిషను ఆగింది. నూకరత్నం గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?" అంది.

అప్పుడు చెప్పాడు. బొమ్మ కంప్యూటరు గీసిందని. దానికన్నా పెద్దది తర్వాత చెప్పాడు. ఆ రోజు రీలు అయిపోయిందో లేదో చూద్దామని కెమెరా వెనక మూత తెరిచింది తానేనని, లోపల రీలు కనపడగానే భయపడి మూసేసి, మాట్లాడకుండా కొండబాబు చేతికిచ్చి స్టూడియోకి పంపించానని.

అసలు చిక్కు అక్కడుంది. రీలంతా వెలుతురు తగిలి పాడైందని స్టూడియోవాడు చెప్పినప్పుడు, దారిలో తెరిచి చూసింది కొండబాబేనని ఎలీషా అతణ్ణి నలుగురిలో తిట్టాడు. కొండబాబు కాదన్నాడు. ఎవరూ నమ్మలేదు. బ్యాండు అక్కడితో ముగిసింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

నూకరత్నం ఇచ్చిన టీ ఎలీషా చేతిలోనే చల్లారింది. టీ మీద మీగడ కట్టింది. "ఆడి పెళ్ళికి నేను వెళ్ళలేదు. వాళ్ళ నాన్న పోతే వెళ్ళలేదు" అన్నాడు. పైడిరాజు వైపు చూడలేదు. గ్లాసు కింద పెట్టి, "పద. దీన్నీ పట్రా" అన్నాడు.

బయల్దేరే ముందు నూకరత్నం పైడిరాజు ఫోను ఆయన చేతిలో పెట్టి, గ్రూపులో నిజం రాసేదాకా గుమ్మం దాటనివ్వలేదు.

నన్ను సంచిలో పెట్టుకుని స్కూటరు మీద గాజువాక తీసుకెళ్ళారు. కొండబాబుకి అక్కడ పెయింట్ల దుకాణం ఉంది. ఎలీషాని చూసి అతను మళ్ళీ పనిలోకి వంగాడు. ఎవరికో గచ్చకాయ రంగు కలుపుతున్నాడు. పైడిరాజు నిలబడే అంతా చెప్పాడు. కొండబాబు రంగు కలపడం పూర్తిచేసి, డబ్బా మూత కొట్టి, కొన్నవాణ్ణి సాగనంపి అప్పుడు తిరిగాడు.

"అంటే నేను కాదని ఇప్పటికి తెలిసిందన్నమాట" అన్నాడు.

"తప్పు నాదిరా" అన్నాడు పైడిరాజు.

"నీది సరే. నువ్వు భయపడ్డావు. ఈడు నన్ను నమ్మలేదు, అదీ నాకు బాధ."

ఎలీషా గడ్డం నిమురుకున్నాడు. "ఏం చెప్పాలో తెలీక వచ్చాను కొండా. ఫోన్‌లో అయితే మాట రాదని వచ్చాను."

కొండబాబు మూడు స్టూళ్ళు లాగాడు. "ఏదీ, ఆ బొమ్మ చూపించండి."

చూసి పెదవి విరిచాడు. "ఇంత పెద్ద డ్రమ్స్ మనకెక్కడివి? నేను వాయించింది చర్చి డోలూ, రెండు స్టీలు పళ్ళేలూ. అయినా నేనెప్పుడూ ఇంత అందంగా లేను."

సరిదిద్దుదామని ముగ్గురూ నా మీద పడ్డారు. చొక్కా రంగు దగ్గరే పేచీ వచ్చింది. ఎవరి జ్ఞాపకం వారిది, పైగా ప్రతివాడూ తనదే నిజమంటాడు. చివరికి ఎలీషా, "చీకట్లో ఎవరూ కనపడకూడదు, కానీ అందరూ ఉండాలి" అని చెప్పాడు. పెద్ద యంత్రాలు పాపం చాలా తంటాలు పడ్డాయి. ఒకసారి నల్లటి పలక పంపాయి. ఒకసారి పుట్టినరోజు కొవ్వొత్తులు పంపాయి.

"దీనికి రాదులే" అని కొండబాబు నా మూత మూసేశాడు. మూత పడితే నా కళ్ళు మూసుకుంటాయి గాని చెవులు మూసుకోవు. అతని వేళ్ళు నా వీపు మీద ఆడాయి, మొదట ఊరికే, తర్వాత లెక్కగా. ఎలీషా కూనిరాగం అందుకున్నాడు. అది సైరన్ వాళ్ళ సొంత పాట. రెండో వరుస దగ్గర ఎలీషాకి మాటలు మరపుకొచ్చాయి.

"నువ్వేటి రాజూ అలా చూస్తన్నావు? నీకు వచ్చు కదా, పాడు" అన్నాడు కొండబాబు.

పైడిరాజు పాడాడు. గొంతు ఏమంత బాగాలేదు. మాట మాత్రం ఒక్కటీ పొల్లుపోలేదు. పదకొండు వందల బొమ్మలు మోసిన నాకు రాక్ సంగీతమంటే జుట్టూ పొగా అనే తెలుసు. అది ఒంటికి తగులుతుందని ఆ వేళే తెలిసింది.

తగలడం గట్టిగానే తగిలింది. మూడో పాటకి లోపల ఏదో చిట్లింది, తెర మళ్ళీ వెలగలేదు. బాగుచేసేవాడు చూసి పెదవి విరిచాడు. బొమ్మలన్నీ ఎవరి ఫోన్లలో ఉన్నవి వాళ్ళకే మిగిలాయి. పైడిరాజు నన్ను పాత సామాన్లవాడికి ఇవ్వబోతే, "చప్పుడు బాగుంది, ఉంచు" అని కొండబాబు కౌంటరు మీద పెట్టుకున్నాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ చేరతారు. పైడిరాజు ఇప్పటికీ రెండో చరణం దగ్గర తాళం తప్పుతాడు. ఎలీషా మాస్టారు చేయెత్తి, మళ్ళీ మొదటి నుంచి అంటాడు. దెబ్బలు నాకు.