ముందు వాళ్ళకి కాఫీలు

“ఎవరికమ్మా ఆ క్యారేజీ?” అని మా అత్తగారు కనకవల్లి గారు వంటింటి గడపలో నిలబడి అడిగారు.

గిన్నెలో పెరుగన్నం సర్దుతున్న నా చెయ్యి ఆగింది. నాకేనండీ అని తలెత్తకుండానే చెప్పాను. పెళ్ళయి రాజమండ్రి వచ్చిన దగ్గర్నుంచీ క్యారేజీలు కడుతూనే ఉన్నాను. మా ఆయన మణిశంకర్ గారికి, మా అబ్బాయి శశికి, ఊరెళ్ళే చుట్టాలకి. నాకోసం కట్టుకోవడం ఇదే మొదలు.

ఆయన పెద్దాపురం దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. పోయి ఏడాది దాటింది. అలా సర్వీసులో ఉండగా పోయినవాళ్ళ ఇంట్లో ఒకరికి ఇచ్చే ఉద్యోగం నాకొచ్చింది. అదే బళ్ళో జూనియర్ అసిస్టెంటు. ఇవాళే చేరాలి. ఆర్డరు చేతికొచ్చిన రోజు సంతోషం వేసింది. వెంటనే సిగ్గేసింది. ఆయన ప్రాణం పోతే వచ్చింది కదా ఇది! అప్పటికే చిన్నచిన్న సుఖాలన్నీ నాకు తప్పుల్లా తోచేవి. ఎవరి కోసమూ లేవక్కర్లేక ఎండొచ్చేదాకా నిద్రపోయిన రోజున, మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆయన చెడ్డవారు కాదు. గోదావరి గట్టు మీద నాకంటే నాలుగడుగులు ముందు నడిచేవారు. కానీ మలుపు దగ్గర ఆగి, నేను వస్తున్నానో లేదో చూసుకునే కదిలేవారు.

మా బావగారు సూర్యనారాయణమూర్తి గారు కూడా పొద్దున్నే వచ్చేశారు. కూర్చోకుండానే మొదలెట్టారు.

“ఉమా, నేను చెప్పేది నీ మంచికే. ఇంకో ఏడాది ఆగితే శశికి పద్దెనిమిది నిండుతాయి. ఆ ఉద్యోగమేదో వాడికే రాయిద్దాం. మగపిల్లాడికి జీవితాంతం ఆధారం. నువ్వు రోజూ బస్సులెక్కి అంతదూరం తిరిగితే నలుగురూ ఏమంటారు? అమ్మని ఎవరు చూస్తారు?”

“శశి ఇంజినీరింగ్ చదువుతానంటున్నాడండీ బావగారూ. నన్ను చేరమని హాస్టల్ నుంచి ఫోన్ చేసి వాడే చెప్పాడు.”

“వాడికేం తెలుసు, కుర్రకుంక!”

అత్తగారు కళ్ళొత్తుకున్నారు. “నా కొడుకు బతికుంటే ఇవన్నీ ఎందుకు? ఆ వేళ నువ్వు కాస్త ముందుగా చూసుకునుంటే…”

ఈ మాట కొత్తది కాదు. అరగంట ముందు తెచ్చుంటే బాగుండేదని డాక్టరు అన్నప్పటి నుంచీ, పదో రోజు భోజనాల్లోనూ, సంవత్సరీకాల్లోనూ, వచ్చినవాళ్ళంతా ఏదో ఒక రూపంలో అన్నదే. నేనెప్పుడూ తలొంచుకునేదాన్ని. అది నిజమేనని నేనూ నమ్మాను. ప్రతిరోజూ ఆ అరగంటలోకి వెళ్ళి ఆయన్ని ఆటో ఎక్కిస్తూనే ఉన్నాను. కానీ ఆ అరగంట ఎక్కడికి పోయిందో ఎవరికీ చెప్పలేదు. ఆయన మీద నింద వేసినట్టవుతుందని.

క్యారేజీ మూత బిగించాను. ఇప్పుడు మాట్లాడకపోతే, మరి మాట్లాడలేననిపించింది.

“ఆ వేళ హాల్లో ఆయన స్నేహితులున్నారు, అత్తయ్యగారూ. ఆయన వంటింట్లోకొచ్చి గుండెల్లో మంటగా ఉందన్నారు. చెమటలు పట్టాయి. ఆస్పత్రికి వెళ్దామండీ అన్నాను. నలుగురి ముందు ఏంటా గోల, గ్యాసే, ముందు వాళ్ళకి కాఫీలు ఇవ్వు అన్నారు. మళ్ళీ అడిగాను. కసిరారు. ఇచ్చాను. వాళ్ళు తాగేదాకా హాల్లోనే నిలబడ్డాను. గ్లాసులు తీసుకుని లోపలికెళ్తే, ఆయన గోడకి ఆనుకుని కిందికి జారిపోయి ఉన్నారు.”

బావగారు కుర్చీలో కూర్చున్నారు. అత్తగారు నా ముఖంలోకి చూశారు.

“ఈ మాట ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా?” అన్నారు ఆవిడ. కోపంగా కాదు.

“ఎవరూ అడగలేదండీ.”  క్యారేజీ సంచిలో పెట్టుకున్నాను. “ఆ వేళ నా తప్పంటూ ఉంటే, ఆయన మాట వినడమే అత్తయ్యగారూ. నాకు తెలిసీ, కళ్ళకి కనబడుతున్నా విన్నాను. ఆ తప్పు మళ్ళీ చెయ్యను. మీకు అన్నం, కూర టేబుల్ మీద పెట్టాను. సాయంత్రం వచ్చేస్తాను.”

బావగారు ఏదో అనబోయారు. అత్తగారు చెయ్యెత్తి ఆపారు. ఎందుకు ఆపారో నాకు తెలియదు. అడగడానికి నేను నిలబడలేదు.

బస్సులో కిటికీ పక్క చోటు దొరికింది. రాజానగరం దాటినా ఎండ ఇంకా ముదరలేదు. చల్లగాలి ముఖానికి తగిలింది. బాగుంది. బాగుందనిపించగానే, అలవాటుగా, గుండెలో ముల్లు కలుక్కుమంది. చెయ్యి దానంతటదే కిటికీ అద్దం మూసెయ్యడానికి వెళ్ళింది.

అద్దాన్ని ఇంకా వెనక్కి నెట్టాను.